పంట డబ్బు చేతికొచ్చిన రోజున ఏం చేయాలి: డెల్టా ఇంటి ఖర్చులకు ప్రవర్తనా ఆర్థికశాస్త్రం

కోనసీమలోని అంబాజీపేట మార్కెట్‌లో కొబ్బరికాయకు అర్ధరూపాయి తక్కువ పలికితే, సరుకు దించకుండా మరో వ్యాపారి దగ్గరికి వెళ్లే రైతు ఉంటాడు. అదే నెలలో కూతురి పెళ్లికి ఐదు కాసుల హారం కొనేటప్పుడు తరుగు పన్నెండు శాతమా, పద్నాలుగు శాతమా అని అతను గట్టిగా అడగడు. వెయ్యి కాయల మీద అర్ధరూపాయి అంటే 500 రూపాయలు. ఐదు కాసులంటే 40 గ్రాములు, అందులో రెండు శాతం 0.8 గ్రాము. గ్రాము పది వేలనుకుంటే 8,000 రూపాయలు. ఐదు వందల కోసం గంటసేపు నిలబడిన మనిషి ఎనిమిది వేలు కూల్‌డ్రింక్ తాగుతూ వదిలేశాడు. లెక్క రాక కాదు. నాలుగున్నర లక్షల బిల్లు పక్కన ఎనిమిది వేలు చిన్నగా కనిపించాయి, అంతే.

ఏమస్ ట్వర్‌స్కీ, డేనియల్ కానమన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1981లో దీన్ని ఒక చిన్న ప్రశ్నతో పట్టుకున్నారు. 15 డాలర్ల క్యాలిక్యులేటర్ ఇరవై నిమిషాల దూరంలో ఉన్న మరో దుకాణంలో 5 డాలర్లు తక్కువకు దొరుకుతుందంటే 68 శాతం మంది వెళ్తామన్నారు. క్యాలిక్యులేటర్ ధర 125 డాలర్లని చెప్పి, తగ్గింపు మాత్రం అదే 5 డాలర్లుగా ఉంచి అడిగితే, వెళ్తామన్నవారు 29 శాతమే. మిగిలేది అదే 5 డాలర్లు, పోయేది అదే ఇరవై నిమిషాలు.

ఇలాంటి పొరపాట్లు ఎలాపడితే అలా జరగవు, ఒక తీరున జరుగుతాయి. తీరు తెలుసు కాబట్టి ముందే కాచుకోవచ్చు. డబ్బు విషయంలో మనిషి నిజంగా ఎలా నడుచుకుంటాడో చూసే ప్రవర్తనా ఆర్థికశాస్త్రంలో మన ఇంటికి పనికొచ్చేది ఇదే. కానమన్‌కు 2002లో, రిచర్డ్ థేలర్‌కు 2017లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది కూడా ఈ దారిలో చేసిన పనికే. కింది పద్ధతిని పొలం మీదనో, చెరువు మీదనో, కొబ్బరి దింపు మీదనో బతికే గోదావరి డెల్టా ఇంటిని దృష్టిలో పెట్టుకుని రాశాను. నెల జీతం ఇళ్లకు కూడా చాలావరకు సరిపోతుంది గానీ, వారి కష్టం వేరు. మన డబ్బు ఏడాదిలో రెండు మూడుసార్లు వస్తుంది, రోజూ పోతుంది. కాబట్టి మీ మీద మీరు నిఘా పెట్టుకోవాల్సింది ఏడాది పొడవునా కాదు, డబ్బు వచ్చిన ఆ కొద్ది రోజులే.

1. క్యాలెండరు మీద నీలం, ఎరుపు

రోజువారీ పద్దు రాయమని చెప్పడం లేదు. అది పది రోజులు రాసి మానేసే పని. గోడ క్యాలెండరు దించి, డబ్బు వచ్చే నెలల మీద నీలం పెన్నుతో, పోయే నెలల మీద ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టండి. సార్వా (వానకాలం వరి) కోతలు నవంబరు, డిసెంబరుల్లో అయితే ధాన్యం డబ్బు సంక్రాంతికి కాస్త అటూఇటూగా వస్తుంది. దాళ్వా (రెండో పంట వరి) డబ్బు ఏప్రిల్ చివర, మే నెలలో. కొబ్బరి దింపు నెలన్నరకో రెండు నెలలకో ఒకసారి. రొయ్యలైతే మూడు నాలుగు నెలలకు పట్టుబడి, చెరువు కలిసొస్తే. ఇక ఎరుపు: జూన్‌లో పిల్లల ఫీజులు, ఆ వెంటనే సార్వా దుక్కి, నాట్లు, కొత్త పెళ్లికూతురు ఉన్న ఇంట్లో ఆషాఢం సారె, దసరా, డిసెంబరు జనవరిల్లో దాళ్వా పెట్టుబడి, సంక్రాంతి, మాఘ ఫాల్గుణాల్లో పెళ్లిళ్లు.

గీశాక ఒక అడుగు వెనక్కి జరిగి చూడండి. వరి ఇంట్లో జూన్ నుంచి నవంబరు దాకా నీలం దాదాపు ఉండదు, ఎరుపు మాత్రం ఆగదు. సంక్రాంతేమో సరిగ్గా నీలం పక్కన వచ్చి కూర్చుంటుంది. పండగ కోత తరువాత రావడం పెద్దలు తెలివిగా పెట్టిన ఏర్పాటే. ఆ డబ్బుతోనే దాళ్వా దిగాలని పండగ మనకు గుర్తుచేయదు, అదే చిక్కు.

ఈ ఖాళీ నెలలు జేబును మాత్రమే తినవు. సెంథిల్ ముల్లైనాథన్, ఎల్డార్ షఫీర్ తమ సహచరులతో కలిసి తమిళనాడులో 464 మంది చెరకు రైతులకు కోతకు ముందు ఒకసారి, కోత డబ్బు వచ్చాక ఒకసారి ఆలోచనా పరీక్షలు పెట్టారు. 2013లో సైన్స్ పత్రికలో వచ్చిన ఆ పరిశోధన ప్రకారం అదే రైతు కోతకు ముందు తక్కువగా రాణించాడు, కోత తరువాత మెరుగయ్యాడు. డబ్బు లేని నెలలో బుర్ర ఖాళీగా ఉండదు. రేపు వచ్చే వాయిదా, ఎల్లుండి కట్టాల్సిన ఫీజు దాన్ని ఆక్రమించుకుని ఉంటాయి. అందుకే అప్పు తీసుకోవడం, కౌలు మాట్లాడుకోవడం, వాహనం కొనడం వంటి పెద్ద నిర్ణయాలు నీలం నెలల్లోనే చేయండి. ఎరుపు నెలల్లో ఎవరైనా తొందరపెడితే, "మే నెలలో మాట్లాడుకుందాం" అనడం నేర్చుకోండి.

కెన్యాలో ఎస్తేర్ డఫ్లో, మైకేల్ క్రెమర్, జోనాథన్ రాబిన్సన్ చేసిన ప్రయోగం దీనికి రెండో సగం. అక్కడి రైతులు ఎరువు కొందామనే అనుకుంటారు గానీ, అదను వచ్చేసరికి చేతిలో డబ్బు ఉండదు. పరిశోధకులు కోత అయిన వెంటనే, డబ్బు ఇంకా చేతిలో ఉండగానే వెళ్లి, ఇప్పుడు కడితే ఎరువు ఉచితంగా ఇంటికి చేరుస్తామన్నారు. రాయితీ అంటూ ఇచ్చింది ఆ రవాణా ఒక్కటే. అయినా ఎరువు వాడకం బాగా పెరిగింది. మన దగ్గర యూరియా బస్తాలు ఆర్నెల్లు ఇంట్లో పెడితే చెమ్మకు గడ్డకడతాయి కాబట్టి బస్తాలు కొనమనను. ఆ డబ్బును మాత్రం ఆ రోజే కొనేసినట్టు లెక్కగట్టి పక్కకు తీయండి.

2. డబ్బు పడిన రోజునే పంచండి

ఐదెకరాల సొంత పొలం, ఎకరాకు 30 బస్తాలు అనుకుందాం. 2024-25 మద్దతు ధర సాధారణ రకానికి క్వింటాలుకు 2,300 రూపాయలు, అంటే 75 కిలోల బస్తాకు 1,725. 150 బస్తాలకు 2,58,750 రూపాయలు. ఈ అంకె ఒకేసారి ఖాతాలో పడినప్పుడు అది రెండున్నర లక్షలుగా కనిపిస్తుంది. అందులో దాళ్వా పెట్టుబడి, జూన్ ఫీజులు, ఎరువుల దుకాణం బాకీ, ఆరు నెలల ఇంటి ఖర్చు దాగి ఉన్నాయని ఎక్కడా రాసి ఉండదు. రాయాల్సింది మీరే.

డబ్బు పడిన రోజునే, కనీసం ఆ వారంలోనే, దాన్ని నాలుగు పేర్లుగా విడగొట్టండి: పెట్టుబడి, చదువు, ఇల్లు, పండగ. నాలుగింటికీ నాలుగు చోట్లు ఉండాలి. పెట్టుబడి ఒక ఖాతాలో, చదువు డబ్బు జూన్ మొదటి వారానికి గడువు తీరే డిపాజిట్‌లో, పండగ డబ్బు నగదుగా కవరులో. ఇంటి ఖర్చును మాత్రం నెలకింత అని ఆరు భాగాలు చేసి, నెల మొదటి తేదీన ఒక్కో భాగం మాత్రమే బయటికి తీయండి. దాళ్వాలో నీరు చాలనప్పుడు కాలువకు వంతులు వేస్తారు కదా, అలాగన్నమాట. వంతు పెట్టనిదే శివారు పొలానికి నీరందదు, అక్టోబరుకు డబ్బూ అందదు.

అన్నీ ఒకే జేబులోని రూపాయలైనప్పుడు పేర్లు పెడితే ఏం మారుతుందని మీరు అడగవచ్చు. గణితం ప్రకారం ఏమీ మారదు. మనిషి ప్రకారం మారుతుంది. థేలర్ దీన్నే మానసిక ఖాతాలని అన్నాడు. మనం డబ్బుకు మనసులో గదులు కట్టుకుంటాం, ఒక గది డబ్బు తీసి మరో గదికి వాడటానికి జంకుతాం. దిలీప్ సోమన్, అమర్ చీమా మన దేశంలోనే గ్రామీణ కూలీలతో దీన్ని పరీక్షించి 2011లో ప్రచురించారు. పొదుపు డబ్బును పిల్లల ఫొటో అచ్చువేసిన కవరులో పెట్టి ఇచ్చినప్పుడు కూలీలు ఎక్కువ మిగిల్చారు. అదే మొత్తాన్ని ఒక కవరుకు బదులు రెండు కవర్లుగా చేసినప్పుడు ఇంకా ఎక్కువ మిగిలింది. ఒక కవరు చింపినా రెండోది చింపడానికి మళ్లీ మనసు ఒప్పుకోవాలి కదా. చదువు కవరు మీద పిల్ల ఫొటో అంటించడం మీకు నవ్వులాటగా అనిపిస్తే అంటించవద్దు గానీ, పేరు మాత్రం పెద్ద అక్షరాలతో రాయండి. రెండో కవరు తప్పనిసరి.

3. అప్పును ఏడాది లెక్కలో రాయండి

గదులు కట్టుకోవడంలో ఒక ప్రమాదం ఉంది. బ్యాంకులో "పిల్ల పెళ్లికి" అని లక్ష రూపాయలు మూడు శాతం వడ్డీకి పడుకుని ఉంటాయి. వాటిని ముట్టుకోకూడదని, కమీషన్ వ్యాపారి దగ్గర రెండు రూపాయల వడ్డీకి లక్ష తెచ్చి నాట్లు వేస్తారు. నూటికి నెలకు రెండు రూపాయలంటే ఏడాదికి 24. లక్షకు 24,000 కట్టి, 3,000 సంపాదిస్తున్నారు. పెళ్లి డబ్బు పవిత్రంగానే ఉంది, ఆ పవిత్రతకు ఏడాదికి 21,000 అవుతోంది.

నెల వడ్డీగా చెప్పినప్పుడు రెండు రూపాయలు చిన్నగానే ఉంటుంది. అందుకే ఇంట్లోని ప్రతి అప్పునూ ఒకే కాగితం మీద, ఒకే కొలతలో రాయండి. ఎవరి దగ్గర, ఎంత, ఏడాదికి ఎంత శాతం. బ్యాంకులో బంగారం మీద తీసుకున్నది, డ్వాక్రా లోను, ఎరువుల దుకాణం ఖాతా, ఐదు రూపాయల వడ్డీకి తెచ్చిన చేబదులు, అన్నీ. ఎరువుల దుకాణంలో వడ్డీ ఉండదంటారు. నగదు ధర, అరువు ధర వేర్వేరుగా అడగండి, తేడాయే వడ్డీ.

తీర్చేటప్పుడు అన్నిటికన్నా ఎక్కువ శాతం ఉన్నదాన్ని ముందు తీర్చాలి. కాగితం చెప్పేది అదే. మనసు మాత్రం ముందు చిన్న అప్పులు కొట్టేయమంటుంది. నాలుగు బాకీల్లో రెండు తీరిపోతే హాయిగా ఉంటుంది మరి. శాతాల్లో తేడా రెండు మూడే అయితే మనసు మాట వినండి, ఉత్సాహానికీ విలువ ఉంది. ఒకటి పన్నెండు, మరొకటి అరవై అయినప్పుడు మాత్రం కాగితం మాటే. మూడు నెలల తిండికి, ఒక ఆసుపత్రి ఖర్చుకు సరిపడేంత ఉంచుకుని, మిగతా పొదుపుతో ఖరీదైన అప్పును మూసేయండి. పెళ్లి డబ్బునైనా సరే.

4. జీతం వచ్చేవారు, చీటీ కట్టేవారు

ఇంట్లో ఒకరికి నెల జీతం ఉంటే పని తేలిక. జీతం పడిన మర్నాడే రికరింగ్ డిపాజిట్‌కు డబ్బు దానంతట అదే వెళ్లేలా బ్యాంకులో రాసివ్వండి. ఇప్పుడు మనసు రాకపోతే, వచ్చే డీఏ పెంపు నుంచి మొదలుపెట్టండి. పెరిగే డబ్బులో సగం చేతికి రాకముందే పొదుపులోకి పోవాలి. థేలర్, శ్లోమో బెనార్ట్జీ అమెరికాలో ఒక కంపెనీ ఉద్యోగులతో ఇలాగే భవిష్యత్తు పెంపుల మీద ఒప్పందం చేయించారు. చేరినవారి పొదుపు 40 నెలల్లో జీతంలో 3.5 శాతం నుంచి 13.6 శాతానికి చేరింది. ఉన్న జీతంలో కోత పడితే నష్టంగా అనిపిస్తుంది, ఇంకా చూడని డబ్బులో కోత పడితే నొప్పి తెలియదు.

చీటీలను చదువుకున్నవాళ్లు చిన్నచూపు చూస్తారు, నాకు ఆ అభిప్రాయం లేదు. నెల నెలా కట్టకపోతే నలుగురిలో తలవంపు అనే భయం ఏ బ్యాంకూ పెట్టలేదు. ఫిలిప్పీన్స్‌లో ఒక బ్యాంకు, అనుకున్న మొత్తమో తేదీయో వచ్చేదాకా డబ్బు తీయడానికి వీల్లేని ఖాతా ఇస్తామంటే, బ్యాంకు అడిగినవారిలో 28 శాతం మంది ఒప్పుకున్నారు. తమ చేతులు తామే కట్టేసుకోవాలనే కోరిక మనుషుల్లో అంతగా ఉంది. చీటీ కూడా ఆ కట్టే. రెండు జాగ్రత్తలు చాలు. 1982 చీటీల చట్టం కింద రిజిస్టరైన దాంట్లోనే కట్టండి. పాటకు వెళ్లే ముందు, ఎంత దాకా తగ్గి పాడతారో కాగితం మీద రాసి భార్యకో తమ్ముడికో ఇచ్చి వెళ్లండి. పాట వేడిలో పక్కవాడిని మించాలనే పట్టుదల వస్తుంది, అప్పుడు చేసే లెక్క లెక్క కాదు.

5. ఫోనులో ఒక చిన్న అడ్డు

2016లో యూపీఐ వచ్చాక జేబులో నోట్లు లెక్కపెట్టే అలవాటు పోయింది. నోటు ఇస్తున్నప్పుడు మనసులో చిన్న ముల్లు గుచ్చుకుంటుంది, మిగిలిన నోట్లు కనిపిస్తాయి. ఫోనులో ఆ ముల్లు లేదు. ఇది యూపీఐకి ముందే తెలిసిన సంగతి. డ్రేజెన్ ప్రెలెక్, డంకన్ సిమెస్టర్ 2001లో ప్రచురించిన ప్రయోగంలో, బాస్కెట్‌బాల్ టికెట్ల వేలంలో నగదు కట్టాల్సినవారి కన్నా క్రెడిట్ కార్డుతో కట్టేవారు దాదాపు రెట్టింపు పాడారు.

ఫోను పారేయనక్కర్లేదు. ఫోనుకు కలిపిన ఖాతాను మార్చండి. ధాన్యం డబ్బు పడే ఖాతాను ఫోనులోని యాప్‌ల నుంచి తీసేయండి. సున్నా నిల్వతో మరో ఖాతా తెరిచి, సోమవారం ఉదయం అందులో వారానికి సరిపడా డబ్బు వేసి, ఫోనును దానికే కలపండి. గురువారానికే అయిపోతే అయిపోయినట్టే తెలుస్తుంది. పెద్ద ఖాతా నుంచి డబ్బు కావాలంటే బ్యాంకుకో ఏటీఎంకో నడిచి వెళ్లాలి. ఆ నడకే మీ రక్షణ. షాపింగ్ యాప్‌లలో దాచిన కార్డు వివరాలు చెరిపేయండి. నెల నెలా దానంతట అదే కట్ అయ్యే చందాలు యూపీఐ యాప్‌లో ఆటోపే అనే చోట కనబడతాయి. ఒకసారి తెరిచి చూడండి, మీరు మరిచిపోయినవి ఒకటో రెండో తప్పక ఉంటాయి.

6. దుకాణం గడప తొక్కే ముందు ధర రాయండి

ఆషాఢంలో రాజమహేంద్రవరం తాడితోట బట్టల మార్కెట్‌కు వెళ్లినా, అమలాపురంలో చీరల దుకాణానికి వెళ్లినా చీటీ మీద రెండు అంకెలు ఉంటాయి. కొట్టేసిన 6,000, పక్కన 3,600. కొట్టేసిన అంకె మీకు ధర చెప్పడానికి రాసింది కాదు, మీ కొలతబద్దను మార్చడానికి రాసింది. కానమన్, ట్వర్‌స్కీ 1974లో ఒక చక్రం తిప్పి, అది 10 దగ్గరో 65 దగ్గరో ఆగేలా చేసి, ఐక్యరాజ్యసమితిలో ఆఫ్రికా దేశాలు ఎంత శాతమని అడిగారు. 10 చూసినవారి మధ్యస్థ సమాధానం 25, 65 చూసినవారిది 45. చక్రానికీ ఆఫ్రికాకూ సంబంధం లేదని వారికీ తెలుసు. తెలిసినా అంకె లాగేసింది.

కాబట్టి ఇంట్లోనే, ఏ అంకే చూడకముందే, "ఈ చీరకు నేను 2,500 దాకా పెడతాను" అని కాగితం మీద రాసుకుని వెళ్లండి. దుకాణంలో 3,600 చెబితే 2,400 మిగిలిందని అనకండి, 1,100 ఎక్కువైందని అనండి. బంగారం దుకాణంలో తరుగు, మజూరీలను శాతాల్లో వినకండి. "మొత్తం మీద ఇవి ఎన్ని రూపాయలండీ?" అని అడిగి, ఆ అంకెను కొబ్బరికాయల్లోకో ధాన్యం బస్తాల్లోకో మార్చి చూడండి. ఎనిమిది వేలంటే నాలుగున్నర బస్తాలకు పైనే. బస్తా మోసిన భుజానికి శాతం కన్నా బస్తా బాగా అర్థమవుతుంది.

పులస గురించి ఇక్కడే చెప్పాలి, చెప్పకపోతే మనవాళ్లు ఊరుకోరు. పుస్తెలమ్మైనా పులస తినాలన్నది మన సామెత. వరదనీటిలో సముద్రం నుంచి ఎదురీదుకుంటూ వచ్చే ఆ కొద్ది వారాల్లో దొరికే చేపకు వేలల్లో ధర పలకడం అరుదైన వస్తువు మీద మనసుకుండే మోజు వల్లే. తినొద్దని చెప్పే ధైర్యం నాకు లేదు, అవసరమూ లేదు. పండగ కవరులో పులసకు ఒక వాటా రాసి పెట్టుకుంటే ముద్ద ముద్దకూ ధర గుర్తురాకుండా తినవచ్చు. కొనేటప్పుడు మాత్రం బయటి రాష్ట్రాల నుంచి ఐసులో వచ్చిన చేపను పులస పేరుతో అమ్మడం ఉందని గుర్తుంచుకుని, తెలిసిన మత్స్యకారుల దగ్గరే కొనండి.

7. ఆగే గీత ముందే గీయండి

భీమవరం చుట్టుపక్కల చెరువు చేసినవారికి ఈ బాధ తెలుసు. రొయ్య పిల్ల వేసి యాభై రోజులైంది. రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూసే చెక్‌ట్రేలో మేత మిగిలిపోతోంది, గట్టు వెంట చచ్చిన రొయ్యలు కనబడుతున్నాయి, పక్క చెరువులో వైట్‌స్పాట్ తెగులు అంటున్నారు. ఇప్పుడు పట్టేస్తే వంద కౌంటుకు (కిలోకు వంద రొయ్యలు తూగే సైజుకు) ఏదో ఒక ధర వస్తుంది. ఆగితే రొయ్య పెరిగి పెద్ద ధర రావచ్చు, చెరువంతా పోవచ్చు. ఆ సమయంలో మనిషి నోట వచ్చే మాట ఒకటే: "ఇప్పటికే ఇంత పెట్టాం కదా." పెట్టింది ఎలాగూ తిరిగి రాదు, పట్టినా రాదు, ఆగినా రాదు. కానీ నష్టాన్ని ఒప్పుకోవడం లాభం పోగొట్టుకోవడం కన్నా చాలా బాధ. కానమన్, ట్వర్‌స్కీల 1992 అంచనాలో నష్టం బరువు అంతే లాభానికి సుమారు రెండు రెట్లకు పైగా ఉంది. ఆ బాధను వాయిదా వేయడానికి మనిషి మరో టన్ను మేత కొంటాడు.

కాబట్టి పిల్ల వేయకముందే, మనసు చల్లగా ఉన్నప్పుడే, మూడు వాక్యాలు రాసి గోడకు అంటించండి. ఏ లక్షణం కనిపిస్తే ల్యాబుకు నీళ్లు, రొయ్యలు పంపుతారు. ఏ ఫలితం వస్తే ఆ రోజే పట్టుబడి. ఈ పంటకు మేత మీద అరువు ఎంత దాటకూడదు. అంకెలు మీ టెక్నీషియన్‌తో కూర్చుని రాయించండి, నా దగ్గర అందరికీ సరిపోయే అంకె లేదు. ఆ రోజు వచ్చినప్పుడు మిమ్మల్ని మీరు అడగాల్సిన ప్రశ్న కూడా ఆ కాగితం మీదే ఉండాలి: "ఈ చెరువు నాది కాదనుకుని, ఇవాళ ఈ స్థితిలో ఎవరైనా నాకు కౌలుకు ఇస్తే, రేపటి మేత నేను కొంటానా?"

సరుకు అమ్మడంలోనూ ఇదే పట్టు. కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి అన్న సామెతను మార్కెట్‌ను తిట్టడానికి వాడతాం గానీ, అందులో సగం తప్పు మన కంటిదే. కానమన్, జాక్ నెట్ష్, థేలర్ 1990లో విద్యార్థుల్లో సగం మందికి కాఫీ కప్పులు ఇచ్చి, ఎంతకు అమ్ముతారని అడిగితే సుమారు 7 డాలర్లన్నారు. కప్పు దక్కనివారు కొనడానికి సుమారు 3 డాలర్లన్నారు. కప్పు చేతికి వచ్చి కొద్ది నిమిషాలే అయింది, అప్పటికే అది "నా కప్పు". నలభై ఏళ్లు చూసుకున్న కొబ్బరితోట సంగతి ఇక చెప్పేదేముంది. కురిడీ (ఎండు కొబ్బరి) కట్టి ధర కోసం ఆగేవారు, ఏ ధర వస్తే అమ్ముతారో, ఏ తేదీ దాటితే వచ్చిన ధరకే అమ్ముతారో రెండూ రాసుకోవాలి. తేదీ లేని ఆశకు అంతుండదు.

సంక్రాంతి బరుల గురించి: కోడిపందేల మీద డబ్బు కాయడం చట్టప్రకారం నేరం, అది మీకు తెలుసు. చట్టం సంగతి పక్కన పెట్టినా, సాయంత్రం వేళ పెద్ద పందేలు కాసేవారిలో ఎక్కువ మంది ఉదయం ఓడినవారే అయి ఉంటారని గుర్రప్పందేల మీద జరిగిన పరిశీలనలను బట్టి ఊహించవచ్చు. అక్కడ రోజు చివరికి వచ్చేసరికి జనం గెలిచే అవకాశం తక్కువ, గెలిస్తే వచ్చేది ఎక్కువ ఉన్న గుర్రాల వైపు మొగ్గుతారు. పోగొట్టుకున్న చోటే వెతుక్కోవాలన్న మాట ఉంగరానికి వర్తిస్తుంది, పందేనికి కాదు. చూడటానికి వెళ్లేవారు ఫోను ఇంట్లో వదిలి, టీకి, బస్సుకు సరిపడా నోట్లతో వెళ్లండి. బరి దగ్గర అప్పిచ్చేవాడు తప్పక ఉంటాడు. అతనికి మీ ఊరు చెప్పకండి.

8. మర్యాద ఖర్చు

గోదావరి జిల్లాల మర్యాద పేరు మోసింది. కొత్త అల్లుడికి వందల రకాలు వడ్డించిన ఫొటోలు ఏటా సంక్రాంతికి పత్రికల్లో వస్తాయి. పక్కింటివారు చేసినదే మనకు కనీస ప్రమాణమైపోతుంది. దీన్ని ఒంటరిగా తగ్గించుకోవడం కష్టం, ఎందుకంటే తగ్గించిన మొదటి ఇల్లు పిసినారి ఇల్లవుతుంది. ఇద్దరు కలిసి తగ్గించుకుంటే ఆ పేరు రాదు. సారె, కావిళ్ల సంగతి పెళ్లి మాటల్లోనే ఎత్తండి: "బావగారూ, సారె బిందెల లెక్క మనిద్దరం ముందే అనుకుందాం. మీరు పంచాల్సిన ఇళ్లెన్నో చెప్పండి, దానికి సరిపడా పంపిస్తాం. మిగిలినది పిల్లల పేరున వేద్దాం." వియ్యంకుడి ముందు ఈ మాట అనడానికి మొహమాటం ఉంటుంది. అవతల కూడా అదే మొహమాటంతో ఎదురుచూస్తూ ఉండవచ్చు.

9. అలవాటు నిలబడటానికి

లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని గమనించి, కొత్త పని అలవాటుగా స్థిరపడటానికి పట్టే కాలపు మధ్యస్థం 66 రోజులని, మనిషిని బట్టి, పనిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా ఉంటుందని చెప్పింది. ఇరవై ఒక్క రోజుల్లో అయిపోతుందనే ప్రచారాన్ని నమ్మకండి. ఒక రోజు తప్పితే కొంప మునగదని కూడా ఆ పరిశోధనే చెప్పింది. కొత్త పనిని పాత పనికి అంటగట్టండి. ఆదివారం చేపల బజారు నుంచి వచ్చాక, చేతులు కడుక్కుని, వారం ఖాతా నిల్వ చూడటం. అంతకుమించి ఏమీ పెట్టుకోకండి.

ఇక ఈ శాస్త్రం చేయలేనిది. ఇందులో పేరు పొందిన కొన్ని ప్రయోగాలు మళ్లీ చేసి చూస్తే నిలబడలేదు. నిలబడినవి కూడా మనిషి పొరపాట్లను తగ్గిస్తాయే గానీ ధాన్యం ధరను పెంచవు, మురుగు కాలువ పూడిక తీయవు. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినది మానసిక ఖాతాలు తెలియక కాదు, సాగు గిట్టక. కౌలు రైతుకు ఇది మరీ నిజం. శిస్తు బస్తాలు భూయజమానికి కొలిచాక మిగిలినదాన్ని నాలుగు కవర్లలో వేయమంటే వినడానికి బాగుండదు. అతనికి మొదటి పని వేరే ఉంది: 2019 చట్టం కింద ఇచ్చే పంట సాగుదారు హక్కు పత్రం. బ్యాంకు పంట రుణానికి దారి వేసే పత్రాల్లో అది ఒకటి, రెండు రూపాయల వడ్డీ నుంచి బయటపడే దారి అక్కడ మొదలవుతుంది. దానికి భూయజమాని సంతకం కావాలి, చిక్కంతా అక్కడే. శిస్తు ఎన్ని బస్తాలని మాట్లాడుకునే రోజే ఆ సంతకం సంగతి కూడా ఎత్తండి. అడ్వాన్సు ఆయన చేతిలో పెట్టాక అడిగితే, కాదనడానికి ఆయనకేమీ ఖర్చు కాదు.